పిలవని పంచాయితీ

అనంతపురంలో గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే పిల్లలకు 16 ఏళ్లుగా చరిత్ర చెప్తున్నాను. టవర్ క్లాక్‌కు కొంచెం దూరంలో మేడమీద గది, పైన రేకులు, మార్చి వచ్చిందంటే ఫ్యాను కూడా వేడిగాలే విసురుతుంది. మొన్న మార్చిలో అక్కడే మ్యూనిక్ ఒప్పందం చెప్తున్నాను, చెకోస్లోవేకియాలోని సుడేటన్ ప్రాంతాన్ని జర్మనీకి రాసిచ్చిన ఒప్పందం. 1938 సెప్టెంబర్, సంతకాలు పెట్టింది నలుగురు, జర్మనీ నుంచి హిట్లర్, ఇటలీ నుంచి ముస్సోలిని, బ్రిటన్ నుంచి ఛాంబర్లేన్, ఫ్రాన్స్ నుంచి దలాదియే. బిట్టుగా వచ్చేది ఇంతే, రాసుకోండి అని ముందుకు పోతుంటే గుత్తి నుంచి రోజూ వచ్చే ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, పోయింది చెకోస్లోవేకియా భూమి కదా, వాళ్ల తరఫున సంతకం ఎవరు పెట్టినారు?"

"ఎవరూ పెట్టలేదమ్మా."

"మరి వాళ్లు యాడుండారు సార్ ఆ టైంలో?"

హోటల్లో ఉన్నారు. ఆ మాట చెప్పాక కాసేపు క్లాసులో పెన్నుల చప్పుడు ఆగిపోయింది. ఇన్నేళ్లుగా ఈ పాఠం చెప్తున్నాను, ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనుగా చెప్పనూ లేదు, ఎందుకంటే పరీక్షలో రాదు. ఆ రోజు ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఇది రాస్తున్నది అందుకే.

జరిగింది ఇది. చెక్ ప్రభుత్వం పంపిన ఇద్దరు, హ్యూబర్ట్ మసారిక్, వోయ్‌తెఖ్ మస్త్నీ, 29వ తేదీ మధ్యాహ్నం విమానంలో మ్యూనిక్ చేరారు. జర్మన్ పోలీసులు కారెక్కించి తీసుకుపోయి ఒక హోటల్లో దించారు. తమ దేశాన్ని ఎంత కొయ్యాలో మాట్లాడుకుంటున్న భవనంలోకి వాళ్లకు ప్రవేశం లేదు. సాయంత్రం బ్రిటిష్ బృందంలోని అధికారి ఒకాయన వచ్చి పరిస్థితి ఏమీ బాగాలేదని చెప్పి పోయాడు. రాత్రి 10 గంటలకు ఇంకొకాయన మ్యాపు తెచ్చి ఇచ్చాడు, ఏ ప్రాంతాలు వెంటనే ఖాళీ చెయ్యాలో గుర్తులు పెట్టిన మ్యాపు. అర్ధరాత్రి దాటి ఒకటిన్నరకు లోపలికి పిలిచి ఒప్పందం కాగితం చేతిలో పెట్టారు. మస్త్నీ ఏవో సందేహాలు అడుగుతుంటే ఛాంబర్లేన్ ఆవలిస్తూనే ఉన్నాడని మసారిక్ తన రిపోర్టులో రాశాడు. మీ ప్రభుత్వం ఏమంటుందో కనుక్కుని రండి అని కూడా వాళ్లతో ఎవరూ అనలేదు. జవాబుతో పనిలేదన్నారు.

ఛాంబర్లేన్‌కు అప్పటికి 69 ఏళ్లు, రెండు వారాల్లో మూడోసారి విమానమెక్కి జర్మనీకి వచ్చిన మనిషి, అలిసిపోయి ఉంటాడు, ఒప్పుకుంటాను. కానీ దానికి రెండు రోజుల ముందే, సెప్టెంబర్ 27న, రేడియోలో తన ప్రజలతో ఆయనొక మాట అన్నాడు. ఎక్కడో దూరదేశంలో, మనకేమీ తెలియని మనుషుల మధ్య తగాదా కోసం మనం ఇక్కడ కందకాలు తవ్వుకోవాల్సి రావడం ఎంత ఘోరం అని. మనకేమీ తెలియని మనుషులు! తెలియకపోతే తెలుసుకోవాలి. వాళ్ల మనుషులు ఇద్దరు మీరున్న హోటల్లోనే కూర్చున్నారు కదా, బ్రిటిష్ బృందం దిగింది కూడా ఆ హోటల్లోనే. తలుపు తట్టి అడిగితే చెప్పేవాళ్లు.

దౌత్యం ఎందుకు విఫలమైంది అన్న ప్రశ్నకు మన గైడ్లలో నాలుగు కారణాలు ఉంటాయి, బుజ్జగింపు విధానం, నానాజాతి సమితి బలహీనత, ఆర్థికమాంద్యం, వర్సేల్స్ అవమానం. నాలుగూ నిజమే, నేనే రాయిస్తాను. కానీ ఇన్నేళ్లు చదివాక నాకనిపించేది ఏమంటే, చాలా చోట్ల మాటలు మొదలవక ముందే పంచాయితీ చెడిపోయింది. ఎవర్ని పిలవాలి, ఎవర్ని పిలవనక్కర్లేదు అని అనుకున్న క్షణంలోనే చెడిపోయింది. ఆ లెక్క వేసేది మనసులో ముందునుంచీ ఉన్న చిన్నచూపు. వాళ్లకేం తెలుసు, వాళ్లను పిలిస్తే గొడవ, మనం తేల్చి చెప్తే వింటారులే. ఈ మూడు మాటలూ నేను మొదటిసారి విన్నది పుస్తకాల్లో కాదు, ధర్మవరం దగ్గర మా ఊళ్లో, మా జేజినాయన, అంటే మా తాత నోట.

మా ఊరి చెరువుకు మూడు తూములు. పెద్దతూము, నడిమితూము, చిన్నతూము. మొదటి రెండింటి కింద ఊళ్లోవాళ్ల మళ్లు, చిన్నతూము కింద ఎక్కువ భాగం మాదిగవాడ వాళ్లకు పట్టాలిచ్చిన భూములు. 1986లో, నాకు పదకొండేళ్లు, ఆ ఏడు వానలు సరిగ్గా పడక చెరువు సగం కూడా నిండలేదు. నీళ్లు ఎట్లా పంచుకోవాలో తేల్చడానికి రచ్చకట్ట మీద పెద్దమనుషులు కూర్చున్నారు, ఎనిమిదిమంది, అందులో మా జేజినాయన ఒకడు. టీ మోసింది నేను. స్టీలు చెంబులో టీ, చేతిలో గాజు గ్లాసులు, ఇంటికీ రచ్చకట్టకూ మూడుసార్లు తిరిగాను.

వాడనుంచి నలుగురు వచ్చి బడి గోడ నీడలో కూర్చున్నారు, రచ్చకట్టకు యాభై అడుగుల దూరం ఉంటుంది. వాళ్లను పిలవలేదు, పొమ్మని కూడా అనలేదు. వాళ్లలో ఒకాయన చేతిలో పుల్ల పట్టుకుని నేలమీద ఏవో గీతలు గీస్తూ పక్కవాళ్లకు చూపిస్తున్నాడు. పోతా వస్తా నేను చూశాను, చెరువు బొమ్మ, మూడు కాలవలు, ఒక కాలవ పక్కన చిన్న చిన్న గళ్లు. రచ్చకట్ట మీద ఎవరో "వాళ్లనూ ఒక మాట అడిగితే?" అంటే మా జేజినాయన "పిలిస్తే గొడవ చేస్తారు, మనం తేల్చి చెప్తే వింటారులే" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కరువులో వాడకు గింజలు కొలిచి ఇచ్చినవాడే. కానీ గింజలు ఇవ్వడానికి, పక్కన కూర్చోబెట్టుకోవడానికి మధ్య ఎంత దూరముందో ఆయనకు చచ్చేదాకా తెలియలేదు, తెలిసినా ఒప్పుకోలేదు.

చిన్నతూము ఈసారి మూసెయ్యాలని తేలింది. ఆ సంగతి చెప్పి రమ్మని చెరువు నీళ్లు వదిలే నీరుగంటిని పంపారు. ఆయన బడి గోడ దగ్గరికి పోయి నిలబడే చెప్పాడు, కూర్చోలేదు. ఆ నలుగురూ ఏమీ అనకుండా లేచారు. పుల్ల పట్టుకున్నాయన పోతూ పోతూ తన గీతల్ని కాలితో చెరిపేశాడు. పది రోజుల తరవాత ఒక రాత్రి చిన్నతూము పక్కన కట్టకు గండి పడింది. ఎవరు కొట్టారో ఈరోజుకీ తేలలేదు. తెల్లారేసరికి ఉన్న నీళ్లలో చాలా భాగం వంకలో కలిసిపోయింది. ఊళ్లో వరి పాలుపోసుకునే దశలో ఎండింది, వాడలో అసలు నాటనే లేదు. కేసులు పెట్టుకున్నారు, నాలుగేళ్లు ధర్మవరం కోర్టుకు తిరిగారు, రెండేళ్లు శనక్కాయ పెరకడానికి వాడనుంచి ఒక్క మనిషి రాలేదు.

ఒక ఊరి చెరువుకూ ప్రపంచ యుద్ధానికీ ముడిపెడతావా అని అడిగేవాళ్లుంటారు. సైజు ఒకటి కాదని నాకూ తెలుసు. కానీ అక్కడ రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్ల మాటలు చదువుతుంటే మా జేజినాయన గొంతే వినిపిస్తుంది నాకు, ఏం చెయ్యమంటారు.

1919 పారిస్ శాంతి సదస్సు తీసుకోండి. మొదటి ప్రపంచయుద్ధం గెలిచినవాళ్లలో జపాన్ కూడా ఉంది. వాళ్ల ప్రతినిధి మకినో, నానాజాతి సమితి ఒడంబడికలో అన్ని జాతుల సమానత్వం గురించి ఒక్క వాక్యం చేర్చండి అని అడిగాడు. ఏప్రిల్ 11న కమిషన్‌లో ఓటింగ్ పెడితే 17లో 11 ఓట్లు అనుకూలంగా వచ్చాయి. అధ్యక్ష స్థానంలో ఉన్నది అమెరికా అధ్యక్షుడు విల్సన్, ప్రపంచానికి 14 సూత్రాలు చెప్పిన మనిషి. ఏకాభిప్రాయం లేదు కాబట్టి చెల్లదు అన్నాడు. అంతకుముందు ఇతర విషయాల మీద మెజారిటీతోనే తేల్చిన సందర్భాలున్నాయి. బ్రిటిష్ సామ్రాజ్యం వైపు, ముఖ్యంగా ఆస్ట్రేలియా ప్రధాని హ్యూస్, ససేమిరా అన్నాడు, తెల్లవాళ్ల ఆస్ట్రేలియా అనే విధానం పోతుందని భయం. 1924లో అమెరికా ఏకంగా జపనీయుల వలసే ఆపేస్తూ చట్టం చేసింది. ఆ తరవాత జపాన్ సైన్యం చైనాలో, కొరియాలో చేసిన దారుణాలకు ఇది సాకు కాదు, కానే కాదు, వాళ్లూ కొరియా వాళ్లను ఏనాడూ సమానంగా చూడలేదు. కానీ జపాన్‌లో చర్చలతో పోదాం అనేవాళ్ల నోరు మూయించడానికి యుద్ధం కావాలనేవాళ్లకు ఆ ఓటు ఒక ఆయుధమైంది.

ఇంకొకటి ఎవియన్. దీని గురించి మన పుస్తకాల్లో ఒక్క లైను కూడా ఉండదు, అందుకని కొంచెం వివరంగా చెప్తాను. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు, యూదులు పారిపోదామంటే ఏ దేశమూ వీసా ఇవ్వదు. రూజ్వెల్ట్ పిలుపు మీద జూలై 6 నుంచి 15 దాకా ఫ్రాన్స్‌లో జెనీవా సరస్సు ఒడ్డున ఎవియన్ అనే ఊళ్లో, పెద్ద హోటల్లో, 32 దేశాలవాళ్లు సమావేశమయ్యారు. శరణార్థుల గురించి సమావేశం, కానీ శరణార్థుల సంఘాలవాళ్లకు ఒక ఉపసంఘం ముందు తలా కొన్ని నిమిషాలు మాట్లాడే అవకాశం మాత్రం ఇచ్చారు, గుమాస్తా ముందు అర్జీ పెట్టుకున్నట్టు. తరవాత ఇజ్రాయెల్ ప్రధాని అయిన గోల్డా మేయర్ ఆ హాల్లోనే ఉంది, పరిశీలకురాలిగా, మాట్లాడే హక్కు లేకుండా. ఒక్కో దేశం లేచి జాలి చూపించింది, తమ దగ్గర చోటు లేదంది. ఆస్ట్రేలియా ప్రతినిధి అయితే మా దేశంలో జాతి సమస్య లేదు, కొత్తగా తెచ్చిపెట్టుకోవాలనీ లేదు అన్నాడు. ఆ నేల అసలు హక్కుదారులైన ఆదివాసులను ఏ లెక్కలో వేసి ఆ మాట అన్నాడో! పెద్ద సంఖ్యలో తీసుకుంటామని ముందుకొచ్చింది డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే.

నాలుగు నెలలు తిరక్కముందే, నవంబర్ 9 రాత్రి, జర్మనీ అంతటా యూదుల ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి. ఆ తరవాతి ఏడు మే నెలలో సెయింట్ లూయీస్ అనే ఓడ 937 మందితో హాంబర్గ్‌లో బయలుదేరింది. క్యూబా 28 మందిని తప్ప దిగనివ్వలేదు. అమెరికా తీరానికి ఎంత దగ్గరగా పోయిందంటే, మయామి దీపాలు కనిపించాయి. అక్కడా వద్దన్నారు. ఓడ వెనక్కి యూరప్‌కు తిరిగింది, బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ కొంతమందిని కొంతమందిని పంచుకున్నాయి. వాళ్లలో 254 మంది తరవాత నాజీల మారణహోమంలో చనిపోయారు. పిల్లలను ఎత్తుకుని డెక్కు మీద నిలబడి ఆ దీపాలను చూసిన తల్లుల గురించి అనుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మమ్మల్ని అడక్కుండా మమ్మల్ని ఇచ్చేశారు అనే బాధ సీమవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. మైసూరు యుద్ధాల్లో 1792లో, 1799లో టిప్పు రాజ్యం నుంచి తనకు వాటాగా వచ్చిన ప్రాంతాలను నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు, కంపెనీ సైన్యాన్ని పోషించే ఖర్చు కింద. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత, మొత్తం ఒక్క సంతకంతో. అప్పటినుంచి మన పేరు దత్తమండలాలు. సినిమా పంపిణీదారులు ఇప్పటికీ సీడెడ్ అనే అంటారు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అనే పేరు పెట్టుకునేదాకా 128 ఏళ్లు మనం ఇచ్చివేయబడిన జిల్లాలమే. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి ఊరు గుత్తి అన్నాను కదా. మొదటి కలెక్టరుగా వచ్చిన మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే పూడ్చింది గుత్తిలోనే. రైతులను పిలిచి మాట్లాడిన దొర అని ఆయనకు ఇప్పటికీ పేరుంది. అడిగి మాట్లాడిన ఒక్క మనిషిని జనం రెండొందల ఏళ్లు గుర్తుపెట్టుకున్నారు, చూడండి.

పేరు గురించి ఇంకో సంగతి. చాలా ఏళ్ల కిందట ఉద్యోగం కోసం హైదరాబాద్ పోయినప్పుడు అద్దె ఇల్లు చూసుకున్నాం, అడ్వాన్సు కూడా మాట్లాడుకున్నాం. ఏ ఊరు బాబూ అని ఇంటాయన అడిగితే అనంతపురం అన్నాను. ముఖం మారింది. సాయంత్రానికి బ్రోకరు ఫోను, ఇల్లు ఇంకెవరికో ఇచ్చేశారట. నెల తరవాత కూడా ఆ గేటుకు టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. మా ఆవిడ అప్పుడు నిండు గర్భిణి, ఆ ఎండలో ఇంకో పది ఇళ్లు తిరిగాం. ఫ్యాక్షన్ అబద్ధమని నేననను, ఆ హత్యలు నిజం, ఆ విధవరాళ్లు నిజం, అలాంటి ఊళ్లలో నాకు చుట్టాలున్నారు. కానీ నా మెడలో ఆ బోర్డు ఎవరు తగిలించారు? ఆయన నాతో ఐదు నిమిషాలు మాట్లాడినా చాలు, నేను చరిత్ర పాఠాలు చెప్పుకునే మనిషినని తెలిసేది.

నా నష్టం ఇల్లు దొరక్కపోవడం. అదే బోర్డు సర్కారు కాగితం మీద అచ్చయితే ఏమవుతుందో ఆఫ్రికాలోని రువాండాలో చూశాం. 1930లలో బెల్జియం పాలకులు అక్కడి ప్రతి మనిషికీ హుటూ, టుట్సీ, ట్వా అని జాతి రాసిన గుర్తింపు కార్డులిచ్చారు. ఒకే భాష మాట్లాడేవాళ్లు, పక్కపక్క ఇళ్లవాళ్లు, ఒకరినొకరు పెళ్లాడినవాళ్లు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా ఆ కార్డులు పోలేదు. 1993లో రేడియో ఆర్‌టీఎల్‌ఎం మొదలైంది, మంచి పాటలు వేసేది, మధ్యలో టుట్సీలను బొద్దింకలు అనేది. 1994 ఏప్రిల్ 6న అధ్యక్షుడి విమానం కూలింది, ఆ రాత్రి నుంచే హుటూ ముఠాలవాళ్లు రోడ్లకు అడ్డంగా దుంగలు వేసి కార్డులు అడిగారు. కార్డులో టుట్సీ అని ఉంటే అక్కడే కొడవలి. దాదాపు 100 రోజుల్లో సుమారు 8 లక్షల మంది.

ముందే తెలియదా అంటే, తెలుసు. అక్కడున్న ఐక్యరాజ్యసమితి దళాల అధిపతి, కెనడా జనరల్ దలేర్, జనవరి 11నే న్యూయార్క్‌కు కబురు పంపాడు, ఆయుధాలు దాచారు, టుట్సీల జాబితాలు తయారవుతున్నాయి, ఆయుధాలు పట్టుకుంటాను అని. వద్దన్నారు. చంపుడు మొదలయ్యాక ఏప్రిల్ 21న భద్రతామండలి ఆ దళాన్ని పెంచలేదు, దాదాపు 2,500 మంది నుంచి 270కి తగ్గించాలని తీర్మానించింది. ఆ మండలిలో ఆ ఏడాది రువాండాకు కూడా ఒక సీటుంది. అందులో కూర్చున్నది చంపిస్తున్న ప్రభుత్వం మనిషి. చచ్చేవాళ్ల తరఫున ఆ గదిలో ఎవరూ లేరు. అమెరికా అధికారులైతే వారాలకొద్దీ జాతిహత్య అనే మాట నోటినుంచి రాకుండా జాగ్రత్తపడ్డారు, ఆ మాట అంటే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుందని.

మా కొలీగ్ ఒకాయన, పాలిటీ చెప్తాడు, ఇది విని గట్టిగానే వాదించాడు. చెక్ వాళ్లను కూర్చోబెడితే మాత్రం హిట్లర్ ఆగేవాడా అన్నాడు. ఆగేవాడని నేననలేదు. కానీ లోపలికి పిలిచి ఉంటే వాళ్లు ఏం చెప్పేవాళ్లో చూడండి. సెప్టెంబర్ 23న సైన్యాన్ని సమీకరించారు, పది లక్షల మందికి పైగా, సరిహద్దు కొండల్లో కాంక్రీటు కోటలు, వెనక ఆయుధాలు తయారుచేసే స్కోడా ఫ్యాక్టరీ. రాసిచ్చిన సుడేటన్ ప్రాంతంతోపాటు ఆ కోటలన్నీ పోయాయి. 1939 మార్చి 15న జర్మన్ సైన్యం ప్రాగ్‌లోకి నడిచి వచ్చింది, స్కోడా తుపాకులూ ట్యాంకులూ చేతికి చిక్కాయి, చెక్ ట్యాంకులు 1940లో ఫ్రాన్స్ మీదికే పోయాయి. ఆ రాత్రి బయట కూర్చోబెట్టింది ఇద్దరు మనుషులనే అనుకున్నారు వీళ్లు.

ఆయన రెండో ప్రశ్న ఇంకా గట్టిది. కూర్చోబెడితే సరిపోతుందా, 1993 ఆగస్టులో టాంజానియాలోని అరూషాలో రువాండా ప్రభుత్వమూ టుట్సీ తిరుగుబాటుదారులూ ఎదురెదురుగా కూర్చునే సంతకాలు పెట్టారు కదా అన్నాడు. నిజమే, సరిపోదు. మన శ్రీబాగ్ ఒడంబడిక మాత్రం ఏమయింది, 1937 నవంబర్ 16న సీమ పెద్దలు కోస్తా పెద్దలతో కూర్చునే రాసుకున్నారు, నీళ్ల మాట ఎంతవరకు నిలబడిందో మా చెరువు చెప్తుంది. కూర్చున్నాక ఇచ్చిన మాట మీద కాపలా కూడా ఉండాలి, అరూషా ఒప్పందానికి ఆ కాపలాగా పంపినదే దలేర్ దళం, దాన్నే తగ్గించారు. ఉత్తర ఐర్లాండ్ చూడండి, బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్లకూ ఐర్లాండ్‌తో కలవాలనేవాళ్లకూ ఏళ్లకేళ్ల తగాదా. 1973 చివర్లో సన్నింగ్‌డేల్‌లో సాయుధ ముఠాలతో సంబంధమున్న పార్టీలను పక్కన పెట్టి ఒప్పందం రాసుకున్నారు, 1974 మే నెలలో కూలిపోయింది. 1998లో వాళ్లనూ లోపలికి రానిచ్చి నెలల తరబడి కూర్చున్నారు, ఏప్రిల్ 10న తేలినదాన్ని మే 22న జనం ముందు ఓటుకు పెట్టారు, ఉత్తర ఐర్లాండ్‌లో ఓటేసినవాళ్లలో 71 శాతం మంది ఒప్పుకున్నారు. అక్కడ ఇంకా గొడవలున్నాయి, గోడలున్నాయి, కానీ ఆ ఒప్పందం ఇన్నేళ్లయినా నిలబడింది.

మొన్న ఉగాదికి ఊరికి పోయాను. చెరువులో నీళ్లు లేవు, నడుమెత్తు కంపచెట్లు. చిన్నతూము రాళ్లు ఒకవైపు ఒరిగిపోయి ఉన్నాయి. అక్కడ మేకలు తోలుకొచ్చిన మనిషి నన్ను గుర్తుపట్టి నమస్తే సార్ అన్నాడు. ఆ రోజు బడి గోడ దగ్గర పుల్లతో గీతలు గీసినాయన కొడుకు, నా ఈడువాడే. తూము బండ మీద ఇద్దరం కూర్చున్నాం. ఎన్నాళ్లనుంచో మనసులో ఉన్నది అడిగేశాను, ఆ రోజు మీ నాయన ఏం గీస్తున్నాడని.

"గళ్లు సార్. ఏ మడికి ఎన్ని తడులు అని లెక్క. ఈ ఏడు మేం వరి పెట్టం, రాగులు వేసుకుంటాం, నాలుగు తడులు ఇస్తే చాలు, మిగిలిన నీళ్లు మీరే వాడుకోండి అని చెప్పాలని పోయినాడు. మీ జేజినాయన పిలిచింటే చెప్పేటోడు."